పండుకునే అంగీకి జేబు

సౌదీలో విదేశీ కూలీల కాగితాలు సోదా చేసే నితాకత్ తనిఖీల రోజులవి. రియాద్ నుంచి దమ్మామ్ వెళ్లే బస్సును పోలీసులు ఆపగానే నేను బ్యాగు తెరిచాను. అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఇకామా, అందులో ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. అట్టడుగున చేతికి తగిలేసరికి ప్రాణం లేచి వచ్చింది. పక్క సీటాయన మాత్రం చొక్కా జేబులోంచి తాపీగా తీసి చూపించాడు.

"జేబుల వెట్టుకో తమ్మీ," అన్నాడు బస్సు కదిలాక. రియాద్‌ సులైలో వాళ్లుండే కూలీల క్యాంపులో మంటలార్పడానికి పదిమంది కలిసి ఓ దళం కట్టారట. "ఎట్ల ఉరుకుతరో సూద్దామని మొదటిసారి ఉత్తగనే గంట కొట్టినం. ఒక్కడు బయటికి రాలే. అందరు మెత్తల కింద ఇకామాలు దేవులాడుడే! అది లేకుంట రోడ్డెక్కితె పోలీసోళ్లు పట్కపోతరని భయం. గందుకే ఇసుక బకెట్లకన్న ముందు, పండుకునే అంగీలకు జేబులు కుట్టిచ్చినం."

"తర్వాత నిజంగా అంటుకుందా అన్నా?"

"అంటుకుంది. వంటరూము, మా రూము రెండూ కాలిపోయినయ్." చేత్తో జేబు మీద తట్టుకున్నాడు. "మనుషులం అందరం బయటనే ఉన్నం."

దమ్మామ్‌లో దిగి ఎటో వెళ్లిపోయాడు. ఆయన పేరైనా నేను అడగలేదు.

నేను ఇంటికొచ్చేసి చాలా ఏళ్లయింది. ఆ ఇకామా ఎప్పుడో రద్దయింది. జేబు లేని చొక్కా వేసుకుంటే మాత్రం నాకింకా నిద్ర పట్టదు.