వెనక సీటు మనిషి

"కూర్చుని చూడండి సార్" అన్నాడు షోరూమ్ అతను. మా బావ వెళ్ళి వెనక సీటు మీద కూర్చున్నాడు.

వేళాకోళానికి కాదు. కాళ్ళు వాటంతటవే అటు వెళ్ళాయి. కూర్చున్నాక రెండు చేతులూ ఎడమ పక్కన గాలిలో దేన్నో పట్టుకున్నట్టు పెట్టి, ఖాళీగా ఉన్న ముందు సీటు వైపు చూస్తూ ఉండిపోయాడు. షోరూమ్ అతను నా వైపు చూశాడు. నేను హ్యాండిల్‌కి కట్టిన రంగు కాగితం వైపు చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదని అందరూ ఊరికే అంటుంటారు గానీ, ఆ మాటకి అర్థం నాకు అక్కడ తెలిసింది.

"ముందుకు జరుగు బావా, ఇక నడిపేది నువ్వే" అన్నాను.

జరిగాడు. బండి నచ్చిందా అని అడిగితే, "బండిలాగే ఉంది" అన్నాడు. అదే తీసుకున్నాం.

బావది అద్దాల పని. కిటికీలకీ బీరువాలకీ కొలత తీసుకోవడం, కొట్లో కోయడం, తీసుకెళ్ళి బిగించడం. తీసుకెళ్ళే దగ్గరే మా అక్క కావాలి. "బండి ఎవరైనా నడుపుతారు, అద్దం పట్టుకోవడమే అసలు పని" అని పెళ్ళయిన కొత్తలో బావ అన్నాడట. అయితే ఆ ఎవరైనా నేనే అని అక్క బండి నేర్చేసుకుంది. అప్పట్నించీ ముందు అక్క, వెనక బావ. ఎడమ పక్కన పాత దుప్పటి చుట్టిన అద్దాన్ని నిలబెట్టి, దాని అడుగు తన పాదం మీద ఆనించి, రెండు చేతులతో పొదివి పట్టుకునేవాడు. వీధిలో వాళ్ళు ఆయనకి వెనకసీటు అని పేరు పెట్టారు. "ముందున్న వాళ్ళకి దుమ్ము, వెనకున్న వాళ్ళకి గాలి. మీకేం తెలుసు సుఖం" అని నవ్వేసేవాడు.

అంత నవ్వే మనిషి. అక్క ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని పడుకుని మళ్ళీ లేవలేదు. ఆ నెల తిరక్కుండానే ఎవరో అడిగారని ఆమె బండి ఇచ్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఒక్క ఆధారాన్నీ చేతులారా ఎవరైనా పోగొట్టుకుంటారా అని నోటికొచ్చినట్టు తిట్టాను. నా నోరు అలిసిపోయాక మెల్లగా అన్నాడు.

"గుమ్మం ముందు బండి కనిపిస్తే మీ అక్క ఇంట్లో ఉన్నట్టే అనిపిస్తోంది. లోపలికెళ్తే లేదు. రోజుకెన్నిసార్లని మోసపోను?"



అద్దాలు ఆటోలో పంపితే పగిలాయి. నడిచి మోసుకెళ్తే దూరపు ఇళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. చివరికి కొట్టు తలుపులే తెరవడం మానేశాడు. పాత స్నేహితుడొకడు ఇంకో ఊళ్ళో అద్దాల గోదాములో పని చూసి పెట్టాడు. పెట్టెలు లెక్క చూసుకుంటూ కూర్చోవడమే, గది కూడా వాళ్ళే ఇస్తారట. వచ్చే నెలాఖరులోగా మాట చెప్పమన్నాడు. బావ వెళ్ళడానికే సిద్ధపడ్డాడు. బండి కొందామని పట్టుబట్టింది నేనే. ఆయన బాగు కోసమని అందరితో చెప్పాను. ఉన్నమాట చెప్పాలంటే నా బాగు కోసమే. మా అమ్మా నాన్నా లేరు. బావ కూడా వెళ్ళిపోతే ఇక అక్క గురించి మాట్లాడుకోవడానికి నాకు ఈ లోకంలో మనిషన్నవాడు మిగలడు.

నాది కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం. వారమంతా మెట్లెక్కి దిగి, ప్రతి ఇంటి కుక్కతోనూ మొరిగించుకుని, సెలవు రోజున బావకి బండి నేర్పడం నా పని అయింది. నాకు నేర్పింది అక్కే. మా ఊరి ధాన్యం గోదాముల వెనక ఖాళీ స్థలంలో క్లచ్చు, గేరు, బ్రేకు అన్నీ చెప్పాను. బుద్ధిగా తలూపాడు. బండి కదిలింది, బాగానే వెళ్ళింది. ఎదురుగా ఇసుక కుప్ప ఉంది. ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. తిన్నగా వెళ్ళి అందులో దిగబడ్డాడు.

పరుగెత్తాను. దెబ్బలేం తగల్లేదు. ఇసుకలో కూర్చుని తన మోకాళ్ళు చూసుకుంటున్నాడు.

"బ్రేకు వెయ్యలేదేం బావా?"

"వేశాను" అన్నాడు. ఇసుక దులుపుకుంటూ, "మోకాళ్ళు నొక్కాను" అన్నాడు.

నాకు పిచ్చెక్కింది. మోకాళ్ళేమిటి, నొక్కడమేమిటి? అప్పుడు చెప్పుకొచ్చాడు. హెల్మెట్ పెట్టుకుంటే వెనక మాట ముందుకి వినిపించదు. అద్దం పట్టుకుంటే చెయ్యి ఖాళీ ఉండదు. అందుకని వాళ్ళిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. వెనక నుంచి ఒక మోకాలితో ముందున్న మనిషి తొడ పక్కన నొక్కితే నెమ్మదిగా పొమ్మని, రెండిటితోనూ నొక్కితే ఆపమని. ఇన్నేళ్ళూ ఆయన మోకాలు నొక్కడం, బండి ఆగడం. మధ్యలో ఒక మనిషి ఉందన్న సంగతి ఆయన కాళ్ళు ఎప్పుడో మర్చిపోయాయి.

పక్కపక్కన కూర్చుంటే నాలుగు మాటలు కూడా ఆడుకోని మొగుడూ పెళ్ళాలు వీళ్ళు. దారంతా ఇంత మాట్లాడుకునేవాళ్ళా అని నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బండి లేపమని కసిరాను. సాయంత్రాలు అక్క తొడలకి రెండు పక్కలా మందు రాసుకునేది. ఏమిటే అంటే, సీటు గట్టిగా ఉంటుందే అనేది. ఆ సంగతి నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు.

ఇంకా నాలుగైదు సెలవులు ఆ ఇసుక చుట్టూ తిరిగాం. లైసెన్సు పరీక్ష పెట్టినాయన బహుశా ఆకలి మీద ఉన్నట్టున్నాడు, ఒక చుట్టు తిరగ్గానే పాస్ చేసేశాడు. సరిగ్గా అప్పుడే ఎప్పుడూ బావ చేతే అద్దాలు పెట్టించుకునే కుట్టుమిషను టీచరమ్మ, కిటికీ అద్దం పగిలిందని కొలత రాసి కబురు చేసింది. గోదాముకి మాట చెప్పాల్సిన నెలాఖరుకి ఇంకా రెండు రోజులున్నాయి. బావ వెళ్ళనన్నాడు. అద్దం ఎవరు పట్టుకుంటారు అన్నాడు. నేను పట్టుకుంటాను అంటే, ఎప్పుడైనా పట్టుకున్నావా అన్నాడు. నువ్వు మాత్రం ఎప్పుడైనా నడిపావా అన్నాను. కొట్టు తెరిచాడు.

పాత దుప్పటి చుట్టి, అద్దం అడుగు నా పాదం మీద ఆనించి, చేతులు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించాడు. బయల్దేరాం. అబ్బ, ఆ భయం ఎలా చెప్పను! పక్కన కారు వస్తే భయం, గాలి వీస్తే భయం, గొయ్యి కనిపిస్తే భయం. మోకాలు నొక్కితే బండి నెమ్మదించేది. బావ బాగానే నడుపుతున్నాడు. మార్కెట్టు మలుపు దగ్గర ఒక లారీ వెనక్కి వస్తూ కనిపించింది. ఉన్న బలమంతా పెట్టి రెండు మోకాళ్ళూ నొక్కేశాను.

బండి ఆగింది. లారీ తప్పుకుంది. బండి మాత్రం కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవడో బూతులు కూడా తిట్టాడు. బావ పక్కకి తీసి, ఇంజను ఆపి, హెల్మెట్ తీసేశాడు. వెనక్కి తిరగలేదు.

"ఇంత నొప్పి పుడుతుందా?" అన్నాడు.

అక్క మందు రాసుకోవడం అప్పుడు గుర్తొచ్చింది.

"ఒక్కరోజు కూడా చెప్పలేదే. నీతో ఎప్పుడైనా అందా?"

"లేదు బావా" అన్నాను. "నాకు భయమేసి గట్టిగా నొక్కాను. నువ్వింత గట్టిగా నొక్కి ఉండవులే."

"నాకూ భయంగానే ఉండేది" అన్నాడు. "రోజూ."

చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. నా రెండు చేతుల్లోనూ అద్దం ఉంది. ఆయన భుజం మీద వేద్దామన్నా చెయ్యి ఖాళీ లేదు. అందుకని ఒక మోకాలు ఆనించాను, నొక్కకుండా. ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడు.

టీచరమ్మ ఇంట్లో అద్దం చిన్న గీత కూడా పడకుండా దిగింది. కిటికీకి బిగించాక బావ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. గోదాము వాళ్ళకి ఏం చెప్పబోతున్నావని అడగడానికి ధైర్యం చాల్లేదు. టీచరమ్మ లోపలి గదిలో కూడా ఒక అద్దం బీటలు వారిందని చూపించింది. బావ జేబులోంచి టేపు తీసి కొలిచాడు. అక్క పోయాక ఆయన టేపు తీయడం నేను అదే చూడటం.

బయటికొచ్చి బండి తాళం చేతిలో పట్టుకుని, ముందు సీటు ఎక్కాడు. ఈసారి కాళ్ళు అటూ ఇటూ తడబడలేదు.

"వచ్చే సెలవు రోజు ఖాళీయేనా?" అన్నాడు. "ఆ అద్దం దీనికన్నా పెద్దది. కాస్త మెల్లగా నొక్కు."