అరువు గుండిగ, ఆరు తూటాలు

2016 జూన్‌లో మా సాయుధ భద్రతా దళం నన్ను ఆయుధాగారానికి సీనియర్ ఆర్మరర్‌గా వేసింది. హోదా స్టాఫ్ సార్జెంట్. ఆర్మరర్ అంటే తుపాకీ పట్టుకుని కాపలా కాసేవాడు కాదు. కాపలా కాసేవాళ్ల తుపాకీలను విప్పి, శుభ్రం చేసి, బిగించి, లెక్క ప్రకారం ఇచ్చి పుచ్చుకునేవాడు. డ్యూటీ ఎక్కేవాళ్లకు ఒక చిన్న కిటికీలోంచి రివాల్వరూ తూటాలూ ఇచ్చేవాణ్ణి. దిగాక అదే కిటికీలోంచి తీసుకుని లెక్క చూసుకునేవాణ్ణి. ఆ గదికి వేరే కిటికీ లేదు. రోజంతా చేతులు కనిపించేవి కానీ ముఖాలు తక్కువ. చేతిగడియారాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టడం అలవాటైంది.

ఆ ఏడాది మొదట్లోనే నా భార్య సరోజ పోయింది. మాది మలేషియాలో పేరాక్ వైపు రబ్బరు తోటల్లో మూడు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. పని కోసం సింగపూర్ దిగి, బిషాన్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. పిల్లలు లేరు. ఆమె పోయాక ఇంట్లో నోరు తెరవాల్సిన అవసరమే లేకపోయింది. అప్పట్లో ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. నాకు చాలా ఒంటరిగా ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం తెలుగు వినబడేది. పక్క ఫ్లాట్‌లో శిరీష అని నెల్లూరు అమ్మాయి ఉండేది. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఏదో బ్యాంకు ఆఫీసులో ఉద్యోగం. భర్తకు ఎప్పుడూ ప్రయాణాలే. సరోజ కర్మకాండలయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఆమె తలుపు కొట్టి, “అంకుల్, ఒక్కరికే ఏం వండుకుంటారు, రండి” అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అక్కడే నా భోజనం. వాళ్లు గుడ్డు కూడా గడప దాటనివ్వనివాళ్లు. నేను కోడీ చేపా తినేవాణ్ణని తెలిసినా ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఇక అసలు సంగతి. మా దగ్గర అప్పటిదాకా మామూలు సీసపు తూటాలుండేవి. వాటి స్థానంలో హాలో పాయింట్ రకం తేవాలని పైవాళ్లు అనుకున్నారు. ఈ రకానికి మొనలో గుంట ఉంటుంది. శరీరంలోకి వెళ్లగానే ఆ గుంట విచ్చుకుని తూటా వెడల్పవుతుంది, అక్కడే ఆగిపోతుంది. వెనకున్న మనిషికి తగలదు. సింగపూర్ లాంటి కిక్కిరిసిన ఊళ్లో ఈ ‘వెనకున్న మనిషి’ చాలా ముఖ్యం. రైలు స్టేషన్ బయట దొంగకి తగిలిన తూటా అతన్ని దాటి, కూరగాయల సంచి పట్టుకున్న ముసలామెకి తగిలితే ఆ పాపం ఎవరిది? కాల్చినవాడిది సగం, ఆ తూటా బాగుందని సంతకం పెట్టిన నాది సగం.

నా అనుమానం ఒక్కటే. అమ్మేవాళ్ల కాగితాల్లోని అంకెలు పొడుగు గొట్టం తుపాకీతో తీసినవి. మా రివాల్వర్లది రెండంగుళాల గొట్టం. గొట్టం పొట్టిదైతే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే మొన విచ్చుకోకపోవచ్చు. విచ్చుకోని హాలో పాయింట్ పాత తూటా కంటే ఏమీ మేలు కాదు. పైగా అది ఆగుతుందన్న ధీమా మాత్రం మనకుంటుంది.

ఇంటర్నెట్‌లో చూశాను. వేరే దేశాల్లో జనం పెరట్లోనే నీళ్ల డబ్బాలు వరసగా పెట్టి కాల్చి చూసుకుంటున్నారు. ఇక్కడ ఇంట్లో ఒక్క ఖాళీ తూటా గుల్ల దొరికినా జైలే. మా అధికారి ఇన్‌స్పెక్టర్ టాన్‌కి నా అనుమానం చెప్పాను. అధికారిక పరీక్షకి నెలలు పడుతుందన్నాడు. తుపాకీ పనితీరు చూసుకోవడానికి ఆర్మరర్‌కి ఇచ్చే కొత్త రకం తూటాల్లోంచి ఆరు వాడుకోమన్నాడు. కాల్చడం మా రేంజ్‌లోనే, అంటే కాల్పులు సాధన చేసే చోటే, దేని మీద కాల్చాలో అది మాత్రం నన్నే తెచ్చుకోమన్నాడు. జెలటిన్ దిమ్మకు ఖర్చు రాయడానికి ఆయన దగ్గర పద్దు లేదు.

జెలటిన్ దిమ్మ అంటే కండ బదులు పెట్టుకునే గట్టి జెల్లీ. ఒక వంతు పొడికి తొమ్మిది వంతుల నీళ్లు. ముందు చల్లటి నీళ్లలో నానబెట్టి, తర్వాత సన్నటి సెగ మీద కరిగించాలి. మరిగితే పట్టు పోతుంది. అచ్చులో పోసి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి. తూటాలు ఇంటికి తేకూడదు కానీ, జెల్లీ ఇంట్లో కాచుకోవద్దని ఏ రూలూ లేదు. నా ఫ్రిజ్‌లో ఎలాగూ ఒక పాల ప్యాకెట్టూ ఒక ఊరగాయ సీసా తప్ప ఏమీ లేవు. అరలన్నీ తీసేశాను.

రేంజ్ చూసే హామిద్ నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు. రోజూ “మకాన్ అయిందా?” అని అడిగేవాడు, అంటే తిన్నావా అని. అతను ఒక్కటే కోరాడు: జెలటిన్ పంది చర్మంతో కూడా చేస్తారట, అది మాత్రం తన రేంజ్‌కి వద్దు. అది న్యాయమే. బేకరీ సామాన్ల కొట్లో ప్రతి డబ్బా తిప్పి చదివి, పంది లేదని రూఢి చేసుకుని, ఆవు ఎముకలతో చేసిన పొడి తెచ్చాను. హామిద్ సంతోషించాడు. నేనూ నా జాగ్రత్తకి నేనే మురిసిపోయాను.

అంత నీరు పట్టే గిన్నె మా ఇంట్లో లేదు. ఆదివారం భోజనమయ్యాక శిరీషని అడిగాను, ఆఫీసు పని, రెండు రోజులకి పెద్ద గిన్నె కావాలని. ఆమె అటక మీంచి స్టీలు గుండిగ దింపింది.

“మా అమ్మ నెల్లూరు నుంచి మోసుకొచ్చింది అంకుల్. వ్రతం ప్రసాదానికి తప్ప తియ్యను. మీ ఆఫీసులో అందరూ తలా ఒకటి వండి తెచ్చుకునే పాట్‌లక్ ఏమైనా ఉందా?”

అలాంటిదే అన్నాను. జెల్లీ అనీ, తూటాలనీ ఆ అమ్మాయికి ఎక్కడ చెప్పేది అనుకున్నాను.

రెండు దిమ్మలు బాగా కుదిరాయి. గుండిగని మూడుసార్లు తోమి తుడిచి ఇచ్చేశాను. దిమ్మల్ని ఐసు పెట్టెలో పెట్టుకుని టాక్సీలో రేంజ్‌కి వెళ్లాను. ముందు ఎయిర్‌గన్‌తో ఒక ఉక్కు గోలీ కొట్టి దిమ్మ గట్టిదనం సరిచూశాం. తర్వాత దిమ్మల్ని ఒకదాని వెనక ఒకటి పెట్టాం. ముందుదానికి నా పాత చొక్కా ఒకటి కప్పాను, మన ఊళ్లో జనం వేసుకునేది పల్చటి బట్టే కదా. ఆరు కాల్చాను. రెండే విచ్చుకున్నాయి. మిగిలిన నాలుగింటి గుంటలో చొక్కా గుడ్డ కూరుకుపోయింది. అవి ముందు దిమ్మని దాటి రెండోదాంట్లో దొరికాయి. రెండో దిమ్మంటే వెనకున్న మనిషి. హామిద్ వాటిని వరసగా పేర్చాడు.

మర్నాడు నివేదిక టైపు కొట్టడానికి కూర్చున్నాను. మా నివేదిక ఫారంలో ‘పరీక్ష పరిస్థితులు’ అని ఒక గడి ఉంటుంది. ఏ సామగ్రి, ఎక్కడిది, దేనిలో తయారైంది, ఏ ఉష్ణోగ్రత అన్నీ రాయాలి. చదివే అధికారి మళ్లీ అదే పరీక్ష చేసుకోగలగాలి. నేను వరసగా కొట్టుకుంటూ పోయాను. ఆవు ఎముకల జెలటిన్. ఇంటి వంటగది. అరువు తెచ్చిన స్టీలు గుండిగ.

అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఆ ముక్కలు పక్కపక్కన కనిపించేదాకా నా బుర్రకి తట్టలేదు. నేనూ హిందువునే, మా ఇంట్లోనూ గొడ్డుమాంసం ఎరగరు. కానీ ఆ పొడి నాకు తినే వస్తువుగా తోచలేదు, గ్రీజులాగా సరుకుగా తోచింది. హామిద్ కోసం డబ్బాలన్నీ చదివినవాణ్ణి, గిన్నె ఎవరిదో దేనిదో ఆలోచించలేదు. సరోజ ఉంటే పొడి డబ్బాని గుమ్మంలోనే ఆపేసేది.

శనివారం శిరీష ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నన్నూ పిలిచింది. ప్రసాదం ఆ గుండిగలోనే.

శుక్రవారం సాయంత్రం దాకా అటూ ఇటూ తేల్చుకోలేకపోయాను. చెప్పకపోతే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. చెబితే ఆదివారాలు పోతాయని నాకు తెలుసు. ఆ భయం చిన్నదేమీ కాదు. వారంలో నేను మనిషిలా మాట్లాడేది ఆ ఒక్క పూటే. చివరికి ఆమె ఆఫీసు నుంచి రాగానే వెళ్లి, నిలబడే అంతా చెప్పాను, తూటాలతో సహా.

శిరీష వంటగది వైపు చూసింది. అప్పటికే గుండిగ కడిగి, పసుపు రాసి బోర్లించి ఉంది.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా అంకుల్. ఎందుకు చెప్పారు?”

క్షమించమన్నాను.

“పర్లేదులే అంకుల్, మీరు తెలిసి చెయ్యలేదు కదా” అంది. ఆ మాట మంచిగానే అంది. కానీ ఎప్పుడూ కూర్చోమనే పిల్ల ఆరోజు కూర్చోమనలేదు.

వ్రతానికి ఏదో చిన్న గిన్నె సర్దుకున్నట్టుంది. నేను వెళ్లలేదు. ఆదివారం పొద్దున తలుపు తీస్తే గుండిగ నా గుమ్మం ముందుంది. ఆరోజు తలుపు ఎవరూ కొట్టలేదు. తర్వాతి ఆదివారమూ అంతే. లిఫ్టులో ఎదురైతే “బాగున్నారా అంకుల్” అని నవ్వుతూ పలకరించేది. ఏడాది తిరిగాక వాళ్లు వేరే ఊరికి బదిలీ అయి వెళ్లిపోయారు.

నివేదిక పనిచేసింది. ఇన్‌స్పెక్టర్ టాన్ ‘అరువు తెచ్చిన గుండిగ’ దగ్గర ఒక్క క్షణం ఆగి, అది అవసరమా అని అడిగాడు. అవసరమే అన్నాను. అధికారిక పరీక్ష జరిపించారు. మా రివాల్వర్లతో అక్కడా అలాగే తేలింది. ఆ తూటాలు వెనక్కి పోయాయి, పొట్టి గొట్టానికి పనికొచ్చే రకం వచ్చింది. నేను రిటైరయ్యేదాకా దాన్ని ఎవరి మీదా కాల్చే అవసరం రాలేదు.

గుండిగ నా వంటగదిలోనే ఉంది. నాకది మరీ పెద్దది, దేనికీ వాడను.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్లు అడిగితే ఇదే చెబుతాను. పరీక్ష పరిస్థితుల గడిని కాల్చిన తర్వాత కాదు, కాల్చకముందే నింపండి. తర్వాత నింపినా నివేదికకు లోటు రాదు. కానీ ఆ గడిలో గిన్నె ఇచ్చిన మనిషి కూడా ఉంటుంది, ఆమె ముందే గుర్తురావాలి.