చీమలు నడిచిన నీళ్లు

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి గురించి ముప్పై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను. ఇంట్లోవాళ్లు మాట మారుస్తారు, బంధువులు నవ్వుతారు. అందుకే ఇప్పుడు రాసి పెడుతున్నాను.

అప్పట్లో మేము పుంగనూరు దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచేవాళ్లం. పురుగుల తట్టలు పెట్టే స్టాండుకు చీమలు ఎక్కకుండా దాని నాలుగు కాళ్లనూ నీళ్ల గిన్నెల్లో నిలబెట్టేవాళ్లు. రోజూ ఆ గిన్నెలు నింపే పని నాది. ఒక్కరోజు కూడా మానలేదు. ఇది ముందే చెబుతున్నాను.

ఇంక రెండు రోజుల్లో పురుగులు గూళ్లు కడతాయనగా, ఒక పొద్దున తట్టల్లో చీమలు కనిపించాయి. చీమలు పట్టిన పురుగు బతకదు. ఆ పంట పోతే ఆ ఏడు మాకు ఇంకో ఆధారం లేదు. మా నాయన నా చెవి పట్టుకున్నాడు.

"నీళ్లు పొయ్యమంటే యాడ సచ్చినావురా?"

"పోసినా నాయనా. నీళ్లమింద నడ్సుకుంటా పోతాండాయి."

"నీళ్లమింద నడిసేదానికి అవేమన్నా దేవుళ్లా?" అని వీపు మీద ఒకటి వేశాడు.

మల్బరీ ఆకు కోయడానికి వచ్చిన పక్కింటి అక్క అడ్డం వచ్చింది. "ఉండు మామా, కొట్టొద్దు. ముందు సూడు," అంటూ గిన్నె పక్కన గొంతుకూర్చుంది. నేనూ వంగి చూశాను. నిజంగానే నడుస్తున్నాయి. ఒక్కో కాలి కింద నీళ్లు చిన్న గుంటలా కుంగుతున్నాయి గానీ తెగడం లేదు. అక్క బట్టలుతికే రాయి మీది అరిగిపోయిన సబ్బుముక్కను తెచ్చి, తడివేలికి రుద్ది, ఆ వేలు గిన్నెలో ముంచింది. నడుస్తున్న చీమలన్నీ ఒక్కసారిగా మునిగిపోయాయి. నాలుగు గిన్నెల్లోనూ అంతే. తర్వాత చేతులు రెండుసార్లు కడుక్కుని, తట్టల్లోని చీమల్ని ఒక్కొక్కటిగా ఏరేసింది.

"యాల మునిగినాయక్కా?"

"నాకేం తెలుసప్పా! అంట్లు తోమిన నీళ్లలో పడితే మునిగేది సూసినా, అంతే."

పంట దక్కింది. నాయన మాత్రం "వీడు నీళ్లు తక్కువ పోసింటాడు" అన్నాడు. మదనపల్లెలో గూళ్లు అమ్మేచోట కూడా అదే చెప్పి అందరినీ నవ్వించాడు.

బడిలో అడిగితే సైన్సు అయ్యవారు బోర్డు మీద 'తలతన్యత' అని రాసి, పదిసార్లు రాయమన్నారు. రాశాను. తర్వాత పుస్తకాలూ చదివాను. నీటి అణువులు పైన ఒకదాన్నొకటి లాక్కుంటూ బిగుసుకుని ఉంటాయట. సబ్బు అణువులో ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు గిట్టదు. ఆ సబ్బు అణువులు పైకి చేరి, మధ్యలో దూరి, ఆ బిగువును సడలిస్తాయట. సరే. మరి వేలికంటిన పిసరంత సబ్బుకు గిన్నెడు నీళ్లు అంత తొందరగా ఎలా లొంగాయి? పైపొర ఒక్కటి మారితే చాలా? నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు.

పట్టుబడింది ఒకటే. ఇప్పుడు కుప్పంలో గ్రానైటు పాలిషు పెట్టేచోట నా కింద పనిచేసేవాళ్లు ఎంత నమ్మలేని మాట చెప్పినా, ముందు వెళ్లి గొంతుకూర్చుని చూస్తాను. కోపం తర్వాత. అది అక్క నుంచి వచ్చింది.

నాయనా, రోజూ కళ్లద్దాలు పెట్టుకుని పేపరంతా చదువుతావు కదా, ఇదీ చదువు. ఆ రోజు నాలుగు గిన్నెలూ అంచుదాకా నిండి ఉన్నాయి. అవునో కాదో, ఒక్క మాట చెప్పు.