ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకు

"అంత చదువు చదివి ఇక్కడ కాగితాలు తిప్పుకుంటూ కూర్చున్నావేంటత్తా?"

ఈ ప్రశ్న అడిగిన రోజు మేనకోడలికి పన్నెండేళ్ళు. బడి వదిలాక, వాళ్ళ నాన్న బస్సు డ్యూటీ దిగి వచ్చేదాకా, ఆ పిల్ల అత్త జిరాక్సు షాపులో ఎత్తు స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. ఆ వయసుకి మొహమాటం తెలియదు. అత్తకి మాత్రం ఉన్న ఆస్తల్లా అదే. "నా సర్టిఫికెట్లు ఒకళ్ళ దగ్గరున్నాయే. వాళ్ళిస్తే వెళ్తాను" అని చెప్పి యంత్రం మూత దించింది. అప్పటికి పదమూడేళ్ళుగా అందరికీ ఆ మాటే చెబుతోంది.

ఆమెని పేట పేటంతా జిరాక్సక్క అంటుంది. షాపులో నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది. ఒక పక్క యూనివర్సిటీ వెనక గేటు, ఇంకో పక్క ప్రైవేటు కంపెనీల ఆఫీసుల వరస. ఆ గేట్లోంచి బయటపడి ఈ ఆఫీసుల్లో దూరాలనుకునేవాళ్ళు మధ్యలో కాపీలు తీయించుకోవడానికి ఆగే చోటు అది.

ఇరవై రెండో ఏట ఆమె కూడా ఆ గేట్లోంచే వచ్చింది. కామర్స్ డిగ్రీ, మొదటి తరగతి. ఒక సరుకు రవాణా కంపెనీలో లెక్కలు రాసే పనికి చేరింది. చేరిన రోజున మేనేజరు మూడేళ్ళ బాండు మీద సంతకం పెట్టించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఖాకీ కవర్లో వేసి, ఎర్ర ఇంకుతో పేరు రాసి, ఇనప బీరువా మూడో అరలో పెట్టాడు. రసీదు అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు, అంత మర్యాదస్తుణ్ణి రసీదు అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకుంది. ఏమనుకుంటాడో అన్న ఆ ఒక్క ఆలోచన ఖరీదు ఇరవై మూడేళ్ళయినా తేలలేదు.

నాలుగో నెల నుంచి జీతం ఆగిపోయింది. ఎనిమిదో నెలలో ఆమె మానేసింది. కవరు ఇమ్మంటే, ఏడాది జీతం కట్టి పట్టుకెళ్ళమన్నారు. పోయాయని పోలీసు స్టేషన్లో ఒక కాగితం రాయించుకుంటే యూనివర్సిటీ వాళ్ళు నకళ్ళు ఇస్తారని ఎవరో దారి చెప్పారు. వెళ్ళింది. స్టేషన్లో రాసే ఆయన, ఎక్కడ పోయాయమ్మా అని అడిగాడు. పోలేదండీ, ఫలానా కంపెనీ బీరువాలో మూడో అరలో ఉన్నాయి అంది. ఆయన కలం మూసేశాడు. ఇంటికొచ్చి చెబితే, మా అమ్మాయి అబద్ధమాడలేదని తండ్రి పదిమందికీ చెప్పుకున్నాడు. నిజాయితీకి దక్కిన జీతం అంతే. అది కూడా తండ్రికే దక్కింది.

మేనకోడలు అడిగిన ప్రశ్న ముల్లులా గుచ్చుకుని, ముప్ఫై అయిదో ఏట ఆమె మళ్ళీ ఆ కంపెనీ ఉన్న వీధికి వెళ్ళింది. అన్నేళ్ళూ సిగ్గుతో ఆ వీధి తొక్కలేదు. అక్కడ టైర్ల దుకాణం ఉంది. కంపెనీ ఎత్తేసి అయిదేళ్ళయిందట. బీరువా పాత ఇనుము కింద పోయిందట, లోపలున్న కాగితాల సంగతి ఎవరికీ తెలియదట. ఇప్పుడు స్టేషన్లో నిజం చెప్పడానికి ఏ అడ్డూ లేదు. పోయాయి అంది, రాశారు. నకళ్ళు వచ్చాయి. ప్రభుత్వోద్యోగాలకి వయసు దాటిపోయింది. ప్రైవేటు వాళ్ళు ఇన్నేళ్ళూ ఏం చేశారని అడిగారు. డిగ్రీ నకలుని లామినేట్ చేసి షాపు గోడకి తగిలించింది. కింద లామినేషన్ రేటు రాసి ఉంటుంది. ఆ డిగ్రీ మనిషికి ఉపయోగపడింది ఆ ఒక్క రకంగానే, నమూనాగా.

దాని పక్కనే పెద్ద అక్షరాల కాగితం ఒకటి: ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. తప్పకపోతే రసీదు తీసుకోండి.

జీవితంలోకి అడుగుపెట్టే పిల్లలకి సలహాలిచ్చేవాళ్ళకి కరువేం లేదు. ఏటా చివరి తరగతి వాళ్ళని హాల్లో కూర్చోబెట్టి ఎవరో ఒక పెద్దమనిషి ఓటమికి భయపడకండి అని చెప్పిపోతాడు. ఓడినవాణ్ణి పిలిచి ఆ మాట చెప్పించిన పాపాన ఎవరూ పోలేదు. జిరాక్సక్క సలహాలో కలల్లేవు, ఆకాశం లేదు. పది పైసల కాగితం మీద రాసిన ఒక్క జాగ్రత్త. అలాంటిది పనికిరావాలి. రాలేదు. పిల్లలు దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని నవ్వుకునేవాళ్ళు. "కరెక్టక్కా" అని, ఆ నోటితోనే "ఒరిజినల్స్ పెట్టి ఇవ్వడానికి మంచి ఫోల్డరుందా?" అని అడిగేవాళ్ళు. షాపులో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది ఆ ఫోల్డరే.

షాపు చూరు కింద బల్ల వేసుకుని స్టాంపు పేపర్లమ్మే ముసలాయన దీని మీద రోజూ ఒక చురక వేసేవాడు. వాళ్ళు నీ మాట వింటే కాపీలెందుకు తీయిస్తారు, నీ కొట్టూ నా బల్లా రెండూ ఎత్తేసుకోవాలి అనేవాడు. మొహమాటం గురించి ఒక సామెతుంది గానీ ఆడవాళ్ళ ముందు చెప్పేది కాదని, నెలకోసారైనా చెప్పబోయి ఆగేవాడు.

ఆమె మాట నిజంగా విన్నది ఒక్క మేనకోడలే.

ఆ పిల్ల కూడా కామర్సే చదివింది. చదువైన ఆరు నెలలకి ఒక కంపెనీ రమ్మంది. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిస్తారా అని, అత్త నేర్పినట్టే, మర్యాదగా అడిగింది. అక్కడున్నావిడ నవ్వి, ఆలోచించుకుని రేపు రండి అంది. రేపు వెళ్ళేసరికి ఆ కుర్చీలో మేనకోడలి క్లాసుమేటు కూర్చుని ఉంది. సర్టిఫికెట్లిచ్చి, బాండు రాసి, నోరెత్తకుండా చేరిన ఆ అమ్మాయికి ఏడాది తిరక్కుండా జీతం పెంచారు. ఆ ఏడాదంతా మేనకోడలు షాపులో కాగితాలకి పిన్నులు కొట్టింది.

పధ్నాలుగో నెలలో ఇంకో ఉద్యోగం వచ్చింది. అప్పులిచ్చే సంస్థల తరఫున వసూళ్ళు చూసే కంపెనీ. పని లెక్కల విభాగంలో అన్నారు. షరతులు మామూలే: ఒరిజినల్స్, మూడేళ్ళ బాండు, మధ్యలో మానేస్తే రెండు లక్షలు. పైగా సొంత వ్యాపారమో స్థిరమైన ఉద్యోగమో ఉన్న మనిషి షూరిటీ సంతకం. పిల్ల తండ్రికి ఉద్యోగం ఉంది గానీ, పాత అప్పొకటి ఎగ్గొట్టి ఉండటంతో ఆయన సంతకానికి విలువ లేదు.

ఆ కాగితాలు షాపు గల్లా మీద పెట్టిన సాయంత్రం ఆ పిల్ల తండ్రి, జిరాక్సక్క తమ్ముడు, గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. అక్క ఎప్పటి పాటే మొదలుపెట్టింది. ఇంకో కంపెనీ చూద్దాం, తొందరేముంది అంది.

"అత్తా, ఒక్కటి చెప్పు," అంది మేనకోడలు. గొంతు పెంచలేదు. "నీ మాట విని బాగుపడినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఒక్కరైనా గుర్తొస్తారేమోనని.

"నా మాట వినక పాడైనవాళ్ళు చాలామందున్నారు," అంది చివరికి.

"విని పాడైనదాన్ని నేనున్నాను కదా."

తమ్ముడు రోడ్డు వైపు చూస్తూ, నేనే పెట్టేవాణ్ణక్కా, నా సంతకం చెల్లదు కదా అన్నాడు. ఆమె కలం తీసుకుంది. బయట బల్ల దగ్గర స్టాంపు పేపర్ల ముసలాయన ముద్ర వేస్తూ, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తనే కుడితిలో పడిందట" అన్నాడు. అని, ముద్ర ఖరీదు మాత్రం తీసుకోలేదు.

ఆమె ఒకే ఒక్క పట్టు పట్టింది: రసీదు. మేనకోడలు అడిగింది, కంపెనీ వాళ్ళు అచ్చేసిన రసీదే ఇచ్చారు, సీలు వేసి మరీ. జిరాక్సక్క దాన్ని లామినేట్ చేసి గోడ మీద తన డిగ్రీ కింద తగిలించింది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఒక తప్పు దిద్దుకున్నట్టు ఆ రాత్రి నిద్రపట్టింది.

లెక్కల విభాగం మాట వారమే నిలిచింది. తర్వాత మేనకోడల్ని ఫోన్ల హాల్లో కూర్చోబెట్టారు. అప్పు తీసుకున్నవాళ్ళకి కాదు, వాళ్ళకి షూరిటీ పెట్టినవాళ్ళకి ఫోన్లు చెయ్యడం పని. మాట్లాడాల్సిందంతా కాగితం మీద రాసిచ్చారు. ఒక్క ముక్క వదిలేసినా మార్కులు కోస్తారు, మార్కులు పోతే జీతం కోస్తారు. సాయంత్రాలు షాపులో ఆ పాఠం అప్పజెప్పేది. నమస్కారం, మీరు షూరిటీ పెట్టిన ఖాతా గురించి మాట్లాడుతున్నాం. తీసుకున్నవాళ్ళు కట్టకపోతే కట్టాల్సింది మీరే. మీ పరువు మీ చేతుల్లోనే ఉంది. మీ మంచి కోరే చెప్తున్నాం. యంత్రం తిరుగుతుంటే అత్త తప్పులు దిద్దేది. రెండు వారాలకి ఆమెకే కంఠతా వచ్చేసింది. మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

మూడో నెలకి నవ్వు పోయింది. అవతలివాళ్ళు బడి మేష్టర్లు, దర్జీలు, మేనమామలు. కాదనలేక సంతకం పెట్టినవాళ్ళు. కొందరు తిట్టేవాళ్ళు, అది నయం. ఒకావిడ రోజూ ఇదే వేళకి చేస్తావు, తిన్నావా తల్లీ అని అడిగేదట. మేనకోడలు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. అయిదో నెలలో ఒక ఉదయం ఆఫీసు దాకా వెళ్ళి, మెట్లెక్కలేక, వెనక్కొచ్చి షాపులో స్టూలు మీద కూర్చుంది. పన్నెండేళ్ళప్పటి స్టూలే.

"వెళ్ళమంటే వెళ్తానత్తా," అంది. "నువ్వు చెప్పు. ఇంకా రెండేళ్ళ ఏడు నెలలు. ఓర్చుకోమంటే ఓర్చుకుంటా."

రోజుకో కొత్త మొహానికి, అడక్కపోయినా, సలహా చెప్పిన మనిషి. అడిగినప్పుడు లెక్క వేసుకుంది. వెళ్ళమంటే తన సంతకం బతుకుతుంది. వద్దంటే రెండు లక్షలు. ఆ పిల్ల చేతుల వైపు చూసింది. స్టూలు అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"వెళ్ళకు," అంది. "ఆ పిన్నులు కొట్టు."

స్టాంపు పేపర్ల ముసలాయన తన వంతు న్యాయం చెప్పాడు. ఇలాంటి బాండ్లు కోర్టులో నిలవకపోవచ్చు, కానీ నువ్వు గెలిచేసరికి దాని వయసు నీ వయసవుతుంది అన్నాడు. పోనీ పోయాయని ఈసారన్నా అబద్ధం రాయించు అన్నాడు. ఆమె ఈసారి అబద్ధానికి సిద్ధంగానే ఉంది. కానీ గోడ మీద రసీదు ఉంది. దాని రెండో ప్రతి కంపెనీ దగ్గరుంది. సర్టిఫికెట్లు ఎక్కడ భద్రంగా ఉన్నాయో సీలుతో సహా రాసి ఉంది. ఇరవై రెండేళ్ళు ఊరందరికీ చెప్పిన జాగ్రత్త ఇంతకాలానికి ఒకళ్ళు పాటిస్తే, ఉన్న ఆ ఒక్క దొంగదారీ మూసుకుపోయింది.

వసూళ్ళ కంపెనీకి తన బాకీ వసూలుకి వేరే మనుషులెందుకు? మరుసటి నెల షాపుకి ఫోనొచ్చింది. చిన్నపిల్ల గొంతు, కొత్తగా చేరినట్టుంది. నమస్కారం చెప్పి, ఖాతా సంగతి చెప్పి, కట్టాల్సింది మీరేనంది. పరువు దగ్గర కొంచెం తడబడింది. జిరాక్సక్క విన్నంతసేపు విని, నెలకి మూడు వేలు చొప్పున కడతానంది. అవతల పిల్ల సరేనండీ అని పెట్టెయ్యబోయింది.

"చివర్న 'మీ మంచి కోరే చెప్తున్నాం' అనాలి తల్లీ. వదిలేస్తే మార్కులు కోస్తారు."

అవతల కాగితం తిప్పిన చప్పుడయింది. తర్వాత ఆ పిల్ల ఆ ముక్క కూడా చెప్పి ఫోను పెట్టేసింది.

గోడ మీది హెచ్చరిక కాగితాన్ని జిరాక్సక్క చింపెయ్యలేదు. ముందు కనబడేలా ఉన్న చోటి నుంచి తీసి యంత్రం వెనక అతికించింది. అది అక్కడుందని ఇప్పుడు ఇద్దరికే తెలుసు. మేనకోడలు పిన్నులు కొడుతోంది, ఫోల్డర్లమ్ముతోంది. ఎవరైనా ఫోల్డరడిగితే ఇద్దరిలో ఎవరూ ఏమీ చెప్పరు, ఏ రంగు కావాలని మాత్రం అడుగుతారు. సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరే ఉన్నాయి. పదకొండు నెలలు కట్టారు. ఇంకా లక్షా అరవై ఏడు వేలు బాకీ.