కొండగొర్రెలు ఈనే కాలంలో మా యాత్ర

యాసంగి నాట్లు అయిపోగానే మా మరిదికి దేశం చూడాలన్న కోరిక పుడుతుంది. తన పొలంలో పని లేదు కాబట్టి దేశమంతా తన కోసం ఖాళీగా ఉంటుందని అతని నమ్మకం. ఈసారి మాత్రం నేనే అడిగాను, కేరళ కొండల్లో ఉండే అడవి గొర్రెలను చూద్దామని. ఎల్లారెడ్డి బడిలో పిల్లలకు వాటి బొమ్మ చూపించి పాఠం చెప్పడమే తప్ప ఒక్కనాడూ కళ్ళారా చూడలేదు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇకమీదట కొండల ముచ్చట మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. ఇప్పుడు చూడకపోతే ఇక లేదు.

చుట్టాలం, ఊరివాళ్ళం కలిసి కామారెడ్డిలో యాత్ర బస్సు ఎక్కాం. మాతోపాటు వంటమనిషి, బియ్యం బస్తా, గ్యాస్ పొయ్యి, తొక్కుల సీసాలు కూడా ఎక్కాయి. దారి పొడవునా మావాళ్ళు కిటికీలోంచి చూసింది తక్కువ, రాత్రికి కూర ఏందని అడిగింది ఎక్కువ.

తీరా వెళ్తే పార్కు గేటుకు తాళం. గొర్రెలు ఈనే కాలమట, పిల్లలు కాస్త ఎదిగేదాకా ఎవరినీ లోపలికి రానివ్వరట. నాకు ఏడుపొచ్చింది. మా మరిదికి కోపమొచ్చింది.

"గొర్రెలు ఈన్తె గేటు బంద్ జేసుడేంది? గింత దూరం వచ్చినోళ్ళకు ఇజ్జత్ లేదా?"

ఇంటి దగ్గర బర్రె ఈనితే ఇదే మనిషి కొట్టానికి అడ్డంగా గోనెపట్టా కట్టిస్తాడు. దిష్టి తగులుతుందని చుట్టాలను కూడా అటువైపు పోనివ్వడు. ఆ మాటే అడిగాను.

"అది మన బర్రె గదా వదినె," అన్నాడు, నాకేదో తెలివి తక్కువైనట్టు.

ఇంతలో ఒక జీపతను తగిలాడు. వెనక దారి ఉందట, కొండ మీదికి తీసుకుపోతాడట. దొంగదారి ఎక్కడుందో పసిగట్టడంలో మావాళ్ళను మించినవాళ్ళు లేరు. అందరూ ఎగబడి ఎక్కారు.

"నీ కోసమే మాట్లాడిన వదినె. ముందు సీటు నీదే. మల్లెప్పుడు వస్తవ్, ఎక్కు!"

ఎక్కాలనే ఉంది. జీపు మెట్టు మీద కాలు కూడా పెట్టాను. అంతలో గేటుకున్న తాళం కంటబడింది. కాలు తీసేసి, "మీరు పోండ్రి" అన్నాను.

సాయంత్రానికి తిరిగొచ్చారు. "ఏమున్నది వదినె, మన గాంధారి అంగట్ల మేకల్లెక్కనే ఉన్నయి" అంటూ మా మరిది ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. అందులోంచి మావాళ్ళ ఈలలు, కేకలు వినిపించాయి.

"చూడు, గా పిల్ల తల్లిని ఇడిసిపెట్టి ఎట్ల ఉరుకుతున్నదో!"

బతుకంతా చూడాలనుకున్న గొర్రె జానెడు దూరంలో ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను.