ముందు జీపు ప్రవక్త

జకరయ్యను మా పేటలో కొందరు ఇప్పటికీ ప్రవక్త అంటారు. నేను అనను. మైకు పట్టుకున్న కాలం నుంచీ అతన్ని ఎరుగుదును.

జమ్మలమడుగులో జీపుకు మైకు కట్టుకుని ఊరూరా తిరుగుతూ సినిమా ఆటలు చాటేవాడు. ఎన్నికలొస్తే పార్టీల ప్రచారం. పొద్దున ఒక నాయకుణ్ని ఆకాశానికెత్తి, సాయంత్రం అవతలి పార్టీ జీపెక్కి ఆయన్నే దుమ్మెత్తిపోసేవాడు. సిగ్గుపడగా నేను చూడలేదు. గొంతు మాత్రం బాగుంటుంది, అబద్ధమెందుకు. ఆ గొంతు ఇచ్చిన దేవుడు కాస్త బుద్ధి కూడా ఇచ్చి ఉంటే బాగుండేది.

ముద్దనూరు దగ్గరున్న మా పేట ఆడపిల్ల దీనమ్మను పెళ్లాడి ఇల్లరికం వచ్చాడు. మా చర్చి పాస్టరు ఏసేపు అయ్యగారు కాలం చేశాక ఆ గొంతే అతన్ని ఆయన స్థానంలో నిలబెట్టింది. అయ్యగారిది మెత్తని మాట, వెనక కూర్చున్నవాళ్లకు వినిపించేది కాదు. బతికినన్నాళ్లూ ఆయన ఒక్కటే చెప్పాడు. దేవుడు మనుషులతో చెప్పదలుచుకున్నదంతా యేసుప్రభువులో చెప్పేశాడు, ఆయన్ను చూస్తే దేవుణ్ని చూసినట్టే, ఆ తర్వాత దాచిపెట్టుకున్న మాట ఏదీ లేదు. మాకది చాలింది. జకరయ్యకు చాలలేదు. దేవుడు చెప్పడం ముగించేస్తే ఇక ఇతన్ని అడిగేదెవరు? అందుకని ప్రతి శుక్రవారం దేవుడు అతనితో కొత్తగా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎవరి బర్రె ఎప్పుడు ఈనుతుందో, ఏ పార్టీ గెలుస్తుందో అన్నీ చెప్పేవాడు. తప్పిపోతే, అడిగినవాడి విశ్వాసంలో లోపమని ఆ నేరం వాడి నెత్తినే రుద్దేవాడు.

ఈ కబురు మద్దిలేటిరెడ్డి చెవిన పడింది. ఆయన మా ఊరి పార్టీ నాయకుడు. పక్క ఊరి వర్గంతో ఆయనకు పగ, ప్రొద్దుటూరు కోర్టులో కేసులు. వాయిదాకు పోవాలంటే రెండు జీపులు కదలాలి. వెనక దాంట్లో రెడ్డి, ముందు దాంట్లో ఆయన మనుషులు. అవతలివాళ్లు కాపు కాసి బాంబు వేస్తే మొదట పేలేది ముందు జీపే. అందులో డ్రైవరు పక్కన, బాంబుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు దీనమ్మ తమ్ముడు ఆశీర్వాదం.

ఎర్రగుంట్ల మీదుగా పోవాలా, జమ్మలమడుగు మీదుగా పోవాలా అని రెడ్డి ప్రతి వాయిదాకూ జకరయ్యను అడిగేవాడు. ఇతను కళ్లు మూసుకుని, పెదాలు ఆడించి, ఏదో ఒక దోవ చెప్పేవాడు. ఏ గండమూ లేకుండా జరిగిపోయింది కొన్నేళ్లు. జకరయ్యకు రెడ్డి ఇంట్లో నెయ్యన్నం, మెడలో దండలు. దీనమ్మ మాత్రం మొగుణ్ని పట్టుకుని ఏడ్చేది. "ముందర కూచ్చుండేది నా తమ్ముడు. నిజంగా దేవుడే చెప్పినాడా?" "నన్నే అనుమానిస్తాండావా? దేవుణ్ని అనుమానించినట్టే," అని కసిరేవాడు. అంత పాపిష్టి మాట అని, తిని, హాయిగా పడుకునేవాడు.

ఒక వాయిదా పొద్దున నేను రెడ్డి ఇంటి ముందు బండిలోంచి జొన్నచొప్ప దించుతున్నాను. అవతలివాళ్లు దోవ కాస్తున్నారని పుకారు. అందరి ముఖాలూ బిగుసుకుని ఉన్నాయి. జకరయ్య మాత్రం తెల్లబట్టల్లో వచ్చి చెయ్యెత్తాడు.

"ఎర్రగుంట్ల దోవన పో అన్నా. రోడ్డు పొడుగునా దేవదూతలు నిలబడుకోనుండారు. కండ్లారా చూసినా."

రెడ్డి అతన్ని ఎగాదిగా చూశాడు. "శానా మంచిది. ఆశీర్వాదం, నువ్వు దిగురా. జకరయ్యప్పా, నువ్వెక్కు. దూతలను గుర్తుపట్టేవాడు ముందర ఉండల్ల కదా."

జకరయ్య కడుపులో నొప్పి అన్నాడు, జ్వరం అన్నాడు. రెడ్డి మనుషులు చెరో రెక్క పట్టుకునేసరికి ఆ తెల్లబట్టలతోనే దుమ్ములో పడి రెడ్డి కాళ్లు చుట్టేశాడు.

"అన్నా, నాతో దేవుడేమీ చెప్పలా! నాతోనే కాదు, ఇంగెవురితోనూ కొత్తగా చెప్పడు. చెప్పాల్సిందంతా యేసులో చెప్పేసినాడు. ఆయనే ఆఖరు. ఇంగ దర్శనాలూ ల్యా, దోవలూ ల్యా. నన్నిడిసిపెట్టన్నా!"

అంత స్పష్టంగా ఏసేపు అయ్యగారు కూడా ఏనాడూ చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అది మా మాట. మా అమ్మ చావుమంచం మీద పట్టుకుని పోయిన మాట. ఈ పిరికిపంద ప్రాణం దక్కించుకోవడానికి అదే దొరికిందా?

రెడ్డి ఛీ అని కాలు విదిలించుకున్నాడు. "నువ్వే ఎక్కురా ఆశీర్వాదం."

అదే ఇంట్లో చెరగడానికి వచ్చిన దీనమ్మ చేట పడేసి తమ్ముడి చొక్కా పట్టుకుంది. "యాడికి రా ఎక్కేది? ఇన్నాళ్లూ దేవుడు చెప్పినాడని ఎక్కితివి. చెప్పలేదంట, విన్యావు కదా. ఇంగెవురి మాట మీద సస్తావు?"

ఆశీర్వాదం కింద పడి ఉన్నవాణ్ని చూశాడు. "నా బిడ్లు కూడా గుర్తుకు రాల్యా బావా?" అన్నాడు. బాంబుల సంచి మెల్లగా నేల మీద పెట్టి అక్క వెంట నడిచాడు. రెడ్డి మనుషులు అడ్డం రాబోయారు గానీ, మనసు విరిగినవాడి చేతికి బాంబులివ్వడం ఎందుకనుకున్నాడేమో, రెడ్డే వద్దని చెయ్యి చూపించాడు.

వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, జకరయ్య లేచి బట్టలు దులుపుకున్నాడు. గొంతు మళ్లీ వచ్చేసింది.

"చూసినావా అన్నా! ఈపొద్దు నువ్వు కదలగూడదనే దేవుడు నా నోట ఆ మాట పలికించినాడు!"

రెడ్డి విరగబడి నవ్వాడు. "అట్లనా? సరే, ఈపొద్దు కదలను. దేవుడు మళ్లా నీతో మాట్లాడతాండాడు కాబట్టి, వచ్చే వాయిదా నుంచి ఆ సీటు నీదే పో."

అక్కాతమ్ముళ్లు అప్పటికప్పుడు ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. ఆశీర్వాదం అక్కడ పత్తి బేళ్లు మోస్తున్నాడు. జకరయ్య వాయిదా వాయిదాకూ ముందు జీపులో, చెమటలు కారుస్తూ పోతున్నాడు. మొన్న ప్రొద్దుటూరు బజారులో దీనమ్మ కనబడితే, మొగుడి కోసం ప్రార్థన చేస్తున్నావా అని అడిగాను.

"చేస్తాండా మామా. ఆ పొద్దు ఏడ్సుకుంటా చెప్పినాడే, ఆ మాట మీద నిలబడితే సాలు. జీపు దిగి ఇంటికి రావచ్చు."

నిలబడడు. యేసే దేవుడి ఆఖరి మాట అని ఒప్పుకుంటే తను ప్రవక్త కాకుండా పోతాడు. దానికంటే బాంబు పడి చావడమే మేలనుకునే రకం అతను.