స్పాయిలర్ కింద మట్టి గూడు

మా కారు మాకంటే ముందు ఇంకెవరిదో. దాని డిక్కీ మీద రెక్కలాంటి స్పాయిలర్ ఒకటి ఉండేది. కంపెనీ పెట్టింది కాదు, ఆ మొదటి యజమాని ముచ్చటపడి పెట్టించుకున్నది. మా ఆయన కారును కాదు, ఆ రెక్కను చూసే బేరం కుదుర్చుకున్నాడని నా నమ్మకం. విడవలూరు దాటి మా ఊరి దారి పట్టాక ఏ వడ్ల ట్రాక్టరు వెనకో పడి నత్తనడక నడిచే బండికి రెక్కెందుకని అడిగేదాన్ని. "నీకు తెలవదులే" అనేవాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు ఆ కారు పెట్రోలు మాత్రం బాగానే తాగేది.

సముద్రం మా ఇంటికి దగ్గర. ఇక్కడి ఉప్పుగాలి గేటునూ వదలదు, కిటికీ చువ్వనూ వదలదు. ముందు స్పాయిలర్ మీది రంగు పొలుసులుగా లేచింది. తర్వాత ఫైబర్ బీటలు వారింది. బోల్టులు తుప్పుపట్టి, కారు గతుకులో పడ్డప్పుడల్లా వెనకనుంచి టకటకమని చప్పుడు వచ్చేది. నేను అప్పుడు నాలుగో నెల గర్భిణిని. అంతకుముందు రెండు కడుపులూ ఐదో నెలలోనే పోయాయి. బైకు ఎక్కొద్దు, ఆటో ఎక్కొద్దు, కుదుపులు వద్దు అని నెల్లూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పక్క ఊళ్లో నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లాలన్నా, నెల్లూరికి పరీక్షలకు వెళ్లాలన్నా ఆ కారే మాకు దిక్కు.

ఒకరోజు నెల్లూరు నుంచి తిరిగి వస్తుంటే బైకు మీద ఎవరో మా పక్కకు వచ్చి, "అన్నా, నీ బండి తోక ఊడిపోతా ఉండాది, చూసుకో" అని చెప్పి వెళ్లిపోయాడు. దిగి చూస్తే స్పాయిలర్ ఒక పక్క పూర్తిగా లేచిపోయి ఉంది. అది ఊడి వెనక వచ్చే వాళ్లకు తగిలితే ఏమయ్యేదోనని భయపడి, దాన్ని తాడుతో డిక్కీకి కట్టి మెల్లగా ఇల్లు చేరాం.

ఆదివారం పొద్దున మా ఆయన స్పానరు, స్క్రూడ్రైవరు పట్టుకుని పనిలోకి దిగాడు. తుప్పుపట్టిన బోల్టులు రాకపోతే అడుగునుంచి స్క్రూడ్రైవరు దూర్చి బలంగా ఎత్తాడు. లోపల ఏదో మెత్తగా చిట్లింది. ఊడిన స్పాయిలర్‌ను తిరగేస్తే దాని బోలు కడుపులో కుమ్మరి పురుగు, అదే సన్న నడుము కందిరీగ, కట్టిన మట్టి గూడు ఉంది. ఐదు గదులు. అందులో ఒకటి పగిలింది.

కుమ్మరి పురుగు గూడు కట్టిన ఇంట్లో బిడ్డ పుడుతుందని మా వైపు చెప్పుకుంటారు. బూజు దులిపే కర్ర కూడా ఆ గూటిని తప్పించుకునే పోతుంది. మా ఆయనకూ ఆ సంగతి తెలుసు. అందుకే స్క్రూడ్రైవరు కింద పడేసి, నా మొహం చూడలేక నేల చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో మా అత్త చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. ఈ మట్టికీ నా కడుపుకూ ఏమిటి సంబంధమని ఇద్దరి మీదా అరిచాను. అయినా నమ్మకం లేకపోవడం వేరు, భయం లేకపోవడం వేరు. గూడు బిడ్డను తెస్తుందని నేను నమ్మలేదు. పగిలిన గది బిడ్డను తీసుకుపోతుందేమోనని మాత్రం భయపడ్డాను. ఇందులో తర్కం వెతికి లాభం లేదు, నాకే దొరకలేదు.

"దాన్ని యాడన్నా నీడన పెట్టు నాయనా. అయి ఎగిరిపోయినాక బాగు చేయించుకుందువు" అని అత్త కొడుకుతో చెప్పి లోపలికి వెళ్లింది. నా వైపు చూడలేదు. ఆమె అంతే. ఆ రెండు సార్లూ నేను ఆసుపత్రి నుంచి ఖాళీగా ఇంటికి వచ్చినప్పుడు చారన్నం కలిపి ముందు పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది. తప్పు నాదేనని ఆమె అనుకుంటోందని ఆ మౌనానికి నేను అర్థం చెప్పుకున్నాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య అన్నం, కూర, బట్టలు తప్ప వేరే మాటలు పెద్దగా లేవు.

ఎవరూ లేనప్పుడు వంగి పగిలిన గదిలోకి చూశాను. లోపల వరిచేలల్లో ఉండే పచ్చ పురుగులు ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి. చచ్చినవి కావు, బతికినవీ కావు. పుల్లతో తాకితే ఒకటి సన్నగా కదిలి ఆగిపోయింది. వాటి మధ్య బియ్యపు గింజంత పిల్లపురుగు, లేత పసుపు రంగులో, తింటూ ఉంది. కళ్లు తెరవక ముందే దాని తిండి అంతా తల్లి సర్ది, కుళ్లకుండా ముల్లుతో కుట్టి మత్తు ఎక్కించి, తలుపు మూసి వెళ్లిపోయింది. ఇలాంటివి జరుగుతాయని నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్నే. అయినా ఆ గింజంత ప్రాణం ముందు నాకు చేతులు జోడించాలనిపించింది.

మర్నాడు పొద్దున చూస్తే ఆ గది మూసి ఉంది. మిగతా గూటికంటే నల్లగా, తడిగా కొత్త మట్టి. దాని మీద వేలి గీతలు కనబడుతున్నాయి. మా ఆయన వేలు అంత సన్నగా ఉండదు.

స్పాయిలర్‌ను వరండాలో రెండు ఇటుకల మీద బోర్లించకుండా పెట్టాం. డిక్కీ రంధ్రాల్లోకి వాన దిగకుండా మా ఆయన టేపు వేశాడు. తోక లేని కారులోనే బడికీ ఆసుపత్రికీ తిరిగాను. ఐదో నెల వచ్చింది. రాత్రి పక్క మీద కదలడానికి కూడా భయపడ్డాను. ఐదో నెల దాటింది. దాటిందని పైకి అనడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఒక పొద్దున బడికి బయలుదేరుతూ గూటి వైపు చూస్తే ఒక గది మీద సూదిమొనంత చిల్లు కనబడింది. చెప్పులు విడిచి అక్కడే కూర్చున్నాను. లోపలనుంచి ఎవరో మట్టిని కొరుకుతున్నారు. పొడి రాలుతోంది, చిల్లు పెరుగుతోంది. ముందు మీసాలు వచ్చాయి, తర్వాత తల, తర్వాత దారంలాంటి నడుము. బయటికి వచ్చి ఎండలో రెక్కలు ఆరబెట్టుకుంది. ఎవరూ దానికి ఎగరడం నేర్పలేదు. తటాలున లేచి గోడ దాటి చేల మీదికి వెళ్లిపోయింది. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్లి, హెడ్మాస్టరుగారి చేత మాట పడ్డాను. పడ్డా నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

తక్కినవీ ఒక్కొక్కటే వెళ్లాయి. అత్త మూసిన గది మాత్రం మూసుకునే ఉంది. ఇక చాలని మా ఆయన స్పాయిలర్‌ను సముద్రపు ఒడ్డున ఫైబర్ పడవలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకువెళ్దామన్నాడు. దారిలో ఆ గదికి ఏమవుతుందోనని కాబోలు, అత్త తానూ వస్తానంది.

పడవల మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏందన్నా, పడవకు తెడ్డా ఇది?" అని నవ్వాడు. బీటలు బాగానే అతుకుతాయి గానీ లోపలి మట్టి గీకెయ్యాలన్నాడు. ఆ బ్లేడు నాకు ఇమ్మన్నాను. ఇంకెవరి చేతా చేయించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నాలుగు ఖాళీ గదులూ అప్పడంలా విరిగిపోయాయి. ఐదోది తెరిస్తే ఆ పసుపు గింజ ఎండి అక్కడే ఉంది. అత్త చూడకూడదని అరచేత్తో కప్పాను.

"కప్పబాక. నాకు తెలుసు" అంది అత్త నా వెనకనుంచి. "మట్టిలో నీళ్లు ఎక్కువైనాయేమో అమ్మా. రోజూ అదే అనుకుంటా ఉండా. నా చెయ్యి మంచిది గాదు. ఆ రెండు సార్లు గూడా నా చేతి కూడే గదా తిన్నావు. నేను పెట్టినదాంట్లోనే ఏందో పడలేదేమోనని... నీ మొహం చూసేదానికి నాకు మొహం చెల్లలేదు."

ఇన్నేళ్లూ నన్ను తప్పుపడుతోందని నేను అనుకున్న మనిషి, ఆ తప్పునంతా తన నెత్తిన పెట్టుకుని నాకు చారన్నం కలుపుతూ వచ్చింది. పురుగు రెక్కలు ఆరబెట్టుకుంటుంటే చూసి ఆశ్చర్యపోయిన నేను, ఒకే కప్పు కింద ఉన్న ఆమెను ఒక్కసారీ చూడలేదు. ఇసుకలో కూలబడి ఏడ్చాను. "నీళ్లు ఎక్కువ కాలేదత్తా. ఎవరు చేసిందీ కాదు" అన్నాను. ఆమె కూడా ఏడ్చింది. మా ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

మేస్త్రీ రెజిన్ జిగురు డబ్బా తెరిచి, అందులో హార్డ్‌నర్ మందు పోయకుండా ఆగాడు. అది కలిపితే ఇక మనిషి కోసం ఆగదు, నిమిషాల్లో గట్టిపడిపోతుంది. మేము కళ్లు తుడుచుకున్నాకే కలిపాడు. గాజునారతో చేసిన మ్యాటు ముక్కలు పరిచి, బ్రష్షుతో రెజిన్ అద్దాడు. తెల్లటి మ్యాటు కనబడకుండా మాయమై స్పాయిలర్‌లో కలిసిపోయింది. పక్కన డబ్బాలో మిగిలిన రెజిన్ పొయ్యి లేకుండానే వేడెక్కి, ఆవిరి వదిలి, రాయి అయింది. అత్త దాన్ని తాకి చూసి వేలు వెనక్కి తీసుకుంది.

నెలలు నిండి నెల్లూరులో అమ్మాయి పుట్టింది. బిడ్డను ముందు మా అత్త చేతికే ఇవ్వమని నర్సుతో చెప్పాను. చేతులు కడుక్కొస్తానని ఆమె కుళాయి దగ్గరికి వెళ్లింది. సబ్బు రుద్ది కడిగింది. మళ్లీ కడిగింది. నర్సు బిడ్డతో నిలబడే ఉంది, ఆమె ఇంకా కడుగుతూనే ఉంది.

"ఇంక చాలత్తా, రా. నీ చేతులు శుభ్రంగానే ఉండాయి" అన్నాను.